ఏజెన్సీ అనే మాట
(తెలుగు భాషా దినోత్సవం నాడు రావికమతంలో చేసిన గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం)



గిడుగు వెంకట రామమూర్తి గారి పేరు చెప్పగానే పర్లాకిమిడి గుర్తొస్తుంది, ఆయన పుట్టిన పర్వతాలపేట గుర్తొస్తుంది, చివరి రోజుల రాజమండ్రి గుర్తొస్తుంది. మన చోడవరం ఎవరికీ గుర్తు రాదు. ఆయన తండ్రి వీర్రాజు గారు ఉద్యోగరీత్యా చోడవరం బదిలీ అయి వచ్చి, 1875లో అక్కడే విషజ్వరంతో పోయారు. రామమూర్తి గారికి అప్పటికి పన్నెండేళ్లు. చదువు కోసం ఆ పిల్లవాడు విశాఖపట్నంలో మేనమామ ఇంటికి చేరాడు. ఇవాళ ఈ సభకు వస్తూ బి.ఎన్. రోడ్డు మీద చోడవరం దాటుతున్నప్పుడు నాకు ఆ పన్నెండేళ్ల పిల్లవాడే గుర్తొచ్చాడు. తర్వాత ఆయన 1880లో పర్లాకిమిడిలో నెలకు ముప్పయి రూపాయల జీతం మీద బడిపంతులుగా చేరారు. అక్కడి కొండల్లో సవరలు మాట్లాడే భాష చెవిన పడింది. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. మనం ఆయన్ని వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగానే తలుచుకుంటాం. సవర పని ఆ పోరాటానికి పక్కన చేసింది కాదని నా నమ్మకం. జనం నోట ఉన్నదే భాష అన్న నమ్మకం ఆయనకు ఆ కొండల్లోనే గట్టిపడి ఉండాలి. గ్రంథమే లేని భాషలో గ్రాంథికం ఎక్కడుంటుంది? అక్కడ మనిషి నోరు ఒక్కటే ప్రమాణం.

అందుకని ఆయన జ్ఞాపకార్థం జరిగే సభలో నేను ఒక ఇంగ్లీషు మాట గురించి మాట్లాడితే తప్పు పట్టరనుకుంటాను. వందేళ్లకు పైగా ఈ ప్రాంతపు జనం నోట నలిగి, విభక్తులు తగిలించుకుని, ఇక్కడి మట్టి అంటించుకున్న మాట అది. ఏజెన్సీ. మా ఊళ్లో అయితే ఏజన్సీ.

మీరంతా రోజూ వాడేదే. గ్యాస్ ఏజెన్సీ అంటాం, సిమెంటు ఏజెన్సీ అంటాం, పురుగుమందుల ఏజెన్సీ అంటాం. ఎల్.ఐ.సి. ఏజెంటు మన ఇంటికి వస్తాడు. ఎన్నికల నాడు పోలింగు బూతులో పార్టీకొక ఏజెంటు కూర్చుంటాడు. అనకాపల్లి మార్కెట్టుకు బెల్లం తోలిన రైతుకు కమీషన్ ఏజెంటు ఎవరో చెప్పనక్కర్లేదు. ఇవన్నీ ముందు ఇంకో మాట తగిలించుకుంటేనే అర్థమయ్యేవి. ఏ ముందుమాటా లేకుండా ఒట్టి ఏజెన్సీ అంటే మనకు ఒకటే అర్థం. నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సులో నిలబడి "ఏజెన్సీకి వెళ్తున్నాను" అంటే, ఏం ఏజెన్సీ అని ఎవరూ అడగరు. లంబసింగి ఘాటీ ఎక్కి చింతపల్లి వెళ్తున్నాడనో, అటు పాడేరు వెళ్తున్నాడనో అనుకుంటారు. అదే మాట విజయవాడ బస్టాండులో అనండి, ట్రావెల్ ఏజెన్సీయా అని అడుగుతారు. ఒక మాటకు దాని ఊరు ఏదో కనిపెట్టాలంటే ఈ పరీక్ష చాలు. ఏ ఊళ్లో వివరణ అక్కర్లేదో, అదే ఆ మాటకు సొంతూరు.

క్రియలు కూడా చూడండి. ఏజెన్సీ ఎక్కుతారు, ఏజెన్సీ దిగుతారు. ఏజెన్సీలో పోస్టింగు పడుతుంది. పడుతుంది అంటాం, పిడుగు పడినట్టు. వస్తుంది అనం. ఏజెన్సీ జ్వరాలు, ఏజెన్సీ పసుపు, ఏజెన్సీ పనస, ఏజెన్సీవాళ్లు. ఆఖరి మాట అంటున్నప్పుడు మన గొంతులో వచ్చే మార్పు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మా మామ్మకు ఈ మాట లేదు. ఆవిడ మన్నెం అనేది. మన్నెం నుంచి చింతపండు దిగింది, మన్నెం జొరం తగిలింది, మన్నెపోళ్లు సంతకొచ్చారు. మా నాన్నగారు గుమాస్తా ఉద్యోగం చేశారు, ఆయన నోట ఎప్పుడూ ఏజెన్సీయే. ఒకే కొండ, ఒకే అరుగు మీద కూర్చున్న తల్లీ కొడుకుల నోట రెండు పేర్లతో పిలిపించుకునేది. చిన్నప్పుడు అవి రెండు వేర్వేరు చోట్లు అనుకున్నాను. మన్నెం అంటే చింతపండూ తేనే వచ్చే చోటు, ఏజెన్సీ అంటే నాన్న ఫైళ్లలో ఉండే చోటు. ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే ఆ పిల్లవాడు పూర్తిగా పొరబడలేదనిపిస్తుంది.

ఇంతకీ ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? దీని మూలం లాటిన్‌లోని అగెరే అనే ధాతువు. నడపడం, తోలడం, చేయడం అని అర్థం. సంస్కృతంలో అజతి అన్నది దీనికి చుట్టం, దానికీ తోలడమనే అర్థం. యాక్టు, యాక్టరు, ఎజెండా అన్నీ ఈ గొడ్ల మందలోవే. ఏజెంటు అంటే చేసేవాడు, ఏజెన్సీ అంటే చేయడం, చేసే శక్తి. ఇంగ్లీషులో మొదట ఉన్న అర్థం ఇది. తర్వాత వ్యాపారంలో, న్యాయంలో ఇంకో అర్థం బలపడింది: ఒకరి తరఫున చేసేవాడు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 182వ సెక్షన్ ఏజెంటును నిర్వచిస్తుంది. ఇంకొకరి కోసం పని చేయడానికో, మూడోవాళ్లతో వ్యవహారంలో ఇంకొకరికి ప్రతినిధిగా ఉండడానికో నియమితుడైనవాడు ఏజెంటు. అంటే ఎక్కడ ఏజెంటు కనిపించినా ఇద్దరి గురించి అడగాలి. ఎవరి తరఫున? ఎవరితో?

మన కొండలకు ఈ పేరు ఎలా వచ్చిందో చూస్తే ఆ రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది. 1830ల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో వరసగా పితూరీలు లేచాయి. వాటిని అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపింది. ఈ కొండల్లో మామూలు కోర్టులు, మామూలు చట్టాలు పనికిరావని ఆయన తేల్చాడు. ఆ సలహా మీద 1839లో 24వ చట్టం వచ్చింది. దాని ప్రకారం జిల్లా కలెక్టరే కొండ ప్రాంతంలో గవర్నరుకు ఏజెంటు అయ్యాడు. సివిలు, క్రిమినలు, పన్ను, పోలీసు, అన్నీ ఆయన చేతికి వచ్చాయి. ఆ ఏజెంటు అధికారం చెల్లే నేల ఏజెన్సీ. అదీ సంగతి. ఎవరి తరఫున అంటే గవర్నరు తరఫున. ఎవరితో అంటే, ఆ కొండల్లో అప్పటికి ఎన్ని తరాలుగానో బతుకుతున్న మనుషులతో. కాంట్రాక్టు చట్టం భాషలో చెబితే, తమ నేలకు పెట్టిన పేరులో వాళ్లు మూడోవాళ్లు.

నన్ను బాగా కలచిన విషయం ఇంకొకటుంది. మొదట్లో ఆ ఏజెంటు కింద విశాఖ జిల్లాలో చాలా భాగం ఉండేది. తర్వాత మైదానపు జమీందారీలను ఒక్కొక్కటిగా తప్పించుకుంటూ పోయారు. ఏజెన్సీ హద్దు కొండవాలు పెట్టింది కాదు, కలం పెట్టింది. కలం ఎటు జరిగితే హద్దు అటు జరిగింది.

ఇది మన ఒక్కచోటే జరిగిందనుకోకండి. అమెరికాలో మూలవాసుల మీద ప్రభుత్వం పెట్టిన అధికారిని ఇండియన్ ఏజెంటు అనేవారు. ఆయన కార్యాలయం ఏజెన్సీ. దక్షిణ డకోటాలో పైన్ రిడ్జ్ ఏజెన్సీ అలా వచ్చిన పేరే, అక్కడి స్థానిక కార్యాలయాలను ఇప్పటికీ ఏజెన్సీలనే అంటారు. వాయవ్య సరిహద్దులో పఠాన్ల కొండల మీద బ్రిటిష్‌వారు పొలిటికల్ ఏజెంట్లను పెట్టారు. ఖైబర్ ఏజెన్సీ, కుర్రం ఏజెన్సీ, వజీరిస్తాన్ ఏజెన్సీలు ఆ పుట్టుకవే. పాకిస్తాన్ ఏర్పడ్డాక కూడా డెబ్బయి ఏళ్లు ఆ పేర్లు అలాగే ఉన్నాయి. 2018లో రాజ్యాంగం సవరించి ఆ ప్రాంతాన్ని పక్క రాష్ట్రంలో కలిపాకే ఏజెన్సీలు జిల్లాలయ్యాయి. డకోటా గడ్డిమైదానానికీ ఖైబర్ కనుమకూ మన సీలేరు అడవికీ పోలిక ఏముంది? అక్కడి మనుషుల తరఫున కాక, వాళ్ల మీద ఎవరో వచ్చి కూర్చున్నారు. అంతే పోలిక.

తెలంగాణలో ఇంకో విచిత్రం ఉంది. భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక అక్కడ ఏజెన్సీ పాతమాటే. ఆదిలాబాదు కొండలు నిజాం రాజ్యంలోవి. మద్రాసు గవర్నరు ఏజెంటు అక్కడ అడుగు పెట్టే వీలే లేదు. అయినా ఇవాళ ఉట్నూరులో, ఆసిఫాబాదులో కూడా ఏజెన్సీ అనే అంటారు. ఏజెంటు వెళ్లనిచోటికి కూడా ఏజెన్సీ నడిచివెళ్లింది. మాట అంత బలమైనది.

ఇప్పుడు మన్యం సంగతి. మన్నెం ఎక్కడికీ పోలేదు, దాని పని మారిందంతే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. దాని వెనక ఉన్న కోపాల్లో ఒకటి మనకు దగ్గరిది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి కొండ మీదుగా రోడ్డు వేయిస్తూ, రాళ్లు మోసిన మనుషులకు కూలి సరిగా ఇవ్వలేదు. ఇవాళ మనం ఏజెన్సీ ఎక్కే రోడ్డు అదే. ఆ రాజును మనం మన్యం వీరుడంటాం. ఏజెన్సీ వీరుడని ఎవరైనా అనగా విన్నారా? ఎప్పుడూ వినం. మన్యం జ్వరాలని పత్రికలో శీర్షిక చూశారా? అరుదుగా చూస్తాం, ఎక్కువగా ఏజెన్సీ జ్వరాలే. ఏజెన్సీలో వైద్యం అందక మరణం, ఏజెన్సీలో గంజాయి, ఏజెన్సీలో కూలిన వంతెన. పౌరుషం, పూలు, పాటలు మన్యానికి ఇచ్చాం. లేమి, రోగం, నేరం ఏజెన్సీకి ఇచ్చాం. ఒకే నేలకు రెండు పేర్లుంటే భాష వాటికి పని ఇలా పంచిపెడుతుంది. పంపకం చేసింది మాత్రం మాట్లాడే మనమే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. పార్వతీపురం జిల్లా పేరులో మన్యం చేరింది, పాడేరు జిల్లాకు అల్లూరి పేరు పెట్టారు. ఏజెన్సీ ఏ జిల్లా పేరులోనూ లేదు, ఉండాలని ఎవరూ కోరలేదు కూడా. అయినా నిన్న సాయంత్రం బస్సులో విన్నాను: "అల్లూరి జిల్లా ఏజెన్సీలో."

ఇక మన మండలం దగ్గరికి వస్తాను. నేను ఈ మాట ఎంచుకున్నది దీనికోసమే.

ఏజెన్సీ అన్న పేరుతో చట్టంలో ఒక రక్షణ కూడా వచ్చింది, అది కాదనలేం. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూబదలాయింపు చట్టం తెచ్చింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతివాడి భూమి బయటివాడికి చెల్లదంది. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం అయిదో షెడ్యూలు పెట్టింది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో మన కొండలు షెడ్యూల్డ్ ప్రాంతమయ్యాయి. 1959లో ఒకటో రెగ్యులేషన్, దానికి 1970లో సవరణ. జనం దాన్ని వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. అక్షరం రాని ముసలమ్మ కూడా "మాది వన్నాఫ్ సెవెంటీ భూమి" అనగలదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఎవరి చేతి నుంచైనా గిరిజనుడికే పోవాలి, గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందు అనుకోవాలి, కాదని అతనే రుజువు చేసుకోవాలి. 1997 జులై 11న సుప్రీంకోర్టు సమత కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. అంటే ఏజెన్సీ అనేది ఒక కంచె కూడా. లోపలున్నవాడికి కాపు.

మరి కంచెకు ఇవతల కొండ ఉంటే?

కళ్యాణపులోవ జలాశయం మీరంతా చూసిందే. దాని వెనక కొండల్లో, చీమలపాడు పంచాయతీ శివార్లలో కొండదొరల ఊళ్లున్నాయి. అదే అడవి, అదే పోడు, అదే జీడిమామిడి. జబ్బు చేస్తే మోసుకొచ్చేది అదే డోలీ. కాకపోతే అవి షెడ్యూలులో లేవు. ఒక్క మన మండలంలోనే కాదు, రోలుగుంట, గొలుగొండ, నాతవరం, మాడుగుల వైపు కూడా ఇలాంటి ఊళ్లున్నాయి. వాటిని షెడ్యూలులో కలపమని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. జిల్లాలు విడిపోయినప్పుడు పాత విశాఖ జిల్లాలోని పదకొండు ఏజెన్సీ మండలాలూ అల్లూరి జిల్లాకు వెళ్లాయి, ఈ ఊళ్లు అనకాపల్లి జిల్లాలో ఉండిపోయాయి. వీళ్లు మనుషులుగా షెడ్యూల్డ్ తెగ, ఊళ్లు మాత్రం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. వన్ ఆఫ్ సెవెంటీ వీళ్ల గట్టు దాకా వచ్చి ఆగిపోతుంది.

కొన్నేళ్ల కిందట ఒక కార్యాలయంలో ఒక ఆవిడకు తోడుగా వెళ్లాను. భూమి తగాదా. అక్కడి ఉద్యోగి మర్యాదగానే అడిగాడు, "అమ్మా, మీది ఏజెన్సీయేనా?" ఆవిడ నా మొహం చూసింది. కాదని చెప్పాను. "అయితే మామూలు కోర్టుకే వెళ్లాలి" అన్నాడు. బయటికొచ్చాక ఆవిడ అడిగింది, "మేస్టారూ, మాది కొండే కదా. ఏజన్సీ కాదేటి?" నేను 1839 నుంచి మొదలుపెట్టి చెప్పలేకపోయాను. ఇవాళ చెబుతున్నాను.

ఇక్కడ నన్ను కాసేపు వ్యాకరణం మాట్లాడనివ్వండి. గిడుగు వారి సభ కదా. ఆఫీసు తెలుగులో ఒక క్రియ ఉంది, మన ఇళ్లలో వినపడదు: బడు. తెలియజేయబడుచున్నది, మంజూరు చేయబడినది, ఆక్రమించబడినది, గుర్తించబడలేదు. ఇంట్లో ఎవరూ "అన్నం వండబడింది" అనరు. "వదిన వండింది" అంటారు. ఎవరు వండారో తెలియకపోతే "వండేశారు" అంటారు, అక్కడ కూడా ఎవరో మనుషులున్నారు. కర్త కనబడకుండా వాక్యం నడపడం మన వాడుక భాషకు ఇష్టం ఉండదు. ఇంగ్లీషు చట్టాలను మక్కికి మక్కిగా తెలుగు చేసే పనిలో బడు అంతలా పెరిగింది. కొండ గురించిన కాగితాలు తీసి చదవండి. ఆ వాక్యాల్లో కొండ మనిషి ఎక్కడున్నాడో చూడండి. "గిరిజనులకు పంపిణీ చేయబడినవి," "గిరిజనులచే ఆక్రమించబడిన." వాళ్లకు, వాళ్లచే, వాళ్ల కొరకు. ప్రథమా విభక్తిలో వాళ్లు కనబడటం చాలా అరుదు. వాక్యంలో కర్త స్థానం ఏజెంటుది. ఆయన పేరు రాయకపోయినా ఆయనదే.

ఈమధ్య విశ్వవిద్యాలయాల్లో, స్త్రీవాద, దళిత సాహిత్య చర్చల్లో ఏజెన్సీ మాట మళ్లీ వినిపిస్తోంది, ఇంకో అర్థంతో. ఒక మనిషి తన బతుకు గురించి తానే నిర్ణయించుకుని తానే చేయగల శక్తి. నిజానికి కొత్త అర్థమేం కాదు, అగెరే నాటి పాత అర్థమే తిరిగొచ్చింది. దీన్ని తెలుగులో ఏమనాలి? స్వయంశక్తి అన్నారు, చొరవ అన్నారు, ఇంగ్లీషు మాటే ఉంచారు కొందరు. నాకు కర్తృత్వం నచ్చింది. నన్నయ్య నుంచి బడిపిల్లల దాకా అందరికీ కర్త తెలుసు. ఏజెన్సీ అన్న ఇంగ్లీషు మాట ఒక్కటే మన కొండకు పేరూ అయింది, ఆ కొండ మనుషుల నుంచి తీసేసుకున్నదానికీ పేరైంది. ఈ రెండర్థాలూ పక్కపక్కన పెట్టి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

కంచెకు ఇవతలున్న మన కొండ ఊళ్లకు కూడా అందే చట్టం ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టానికి కంచె లేదు. షెడ్యూల్డ్ ప్రాంతం లోపలా బయటా అడవి ఎక్కడుంటే అక్కడ వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13కు ముందునుంచీ సాగులో ఉన్న గిరిజనుడికి హక్కు ఉంది. ఆ హక్కును తేల్చే పని మొదలుపెట్టాల్సింది గ్రామసభ. కాగితం లేకపోతే ఊరి పెద్దలు నోటితో చెప్పినదాన్ని రాసుకున్నా సాక్ష్యమే. గిడుగు వారు విని ఉంటే సంతోషించేవారు. నోటిమాటను చట్టం ప్రమాణంగా ఒప్పుకుంది.

అలాంటి ఒక గ్రామసభలో రాసిపెట్టడానికి కూర్చున్నాను, కళ్యాణపులోవ పై ఊళ్లో, చింతచెట్టు కింద. నాకిచ్చిన ఫారంలో "సాగు చేయబడుచున్న భూమి వివరములు" అని ఉంది. ఆ రోజు కార్యాలయానికి నాతో వచ్చిన ఆవిడే లేచింది. పేరు, భర్త పేరు చెప్పమన్నాను. అవి చెప్పి, కొండవైపు చెయ్యి చూపించి, నేను అడగకుండానే మొదలుపెట్టింది.

"ఆ గట్టు మా మావ కట్టేడు. రాళ్లు నేనే ఏరేను, కడుపుతో ఉండగా. కింద వాగు కాడ నుంచి ఈ చింత దాకా పోడు మా అత్త కొట్టింది. చోడి చల్లేం, సామ చల్లేం. జీడి మొక్కలు నేనూ మా ఆడబిడ్డా దొండపూడి నుంచి నెత్తిన మోసుకొచ్చి పాతేం. మూడు చచ్చిపోయేయి, మళ్లీ తెచ్చేం."

ఆవిడ ఆగినప్పుడు చూసుకుంటే, ఫారంలో అచ్చయిన వాక్యం కింద ఆమె మాటలన్నీ ఉన్నదున్నట్టు రాసి ఉన్నాయి. ఆవిడ దగ్గరకొచ్చి, "ఏటి రాసేవు, చదువు" అంది. చదివి వినిపించాను. మొక్కల దగ్గర ఆపి సరిదిద్దింది. "మూడు కాదు, నాలుగు చచ్చిపోయేయి. నాలుగూ నేనే తెచ్చేను."

నాలుగని దిద్దాను.